ఆస్మాన్‌కి సిఫారిష్ ఎందుకు?

పోయిన వారం ఒక కుర్ర రిపోర్టర్ ఫోన్ చేశాడు. మంచి పిల్లాడే, నా దగ్గరే పని నేర్చుకున్నాడు. "భాయ్, మీ భాంజీ విమానం నడపడం నేర్చుకుంటోందట కదా. ఒక బాక్స్ ఐటెమ్ వేద్దాం. తొలి ముస్లిం యువతి అని పెడతా, ఫోటో పంపండి" అన్నాడు.

"దేనికి తొలి?" అన్నా.

"రాష్ట్రంలో..."

"కాదు."

"పోనీ, మీ జిల్లాలో?"

"నాకు తెలీదు."

"మండలంలో అయితే పక్కా కదా భాయ్!"

నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక నవ్వు పోయి గుస్సా వచ్చింది. వాడి మీద కాదు, నా మీదే. ఈ మజాక్ వాడికి నేర్పిన ఉస్తాద్‌ని నేనే కదా. ఇరవై ఏళ్లకు పైగా ఈ పేషాలో ఉన్నా. తొలి ముస్లిం మహిళా ఎస్సై, తొలి ముస్లిం మహిళా ఆటో డ్రైవర్, తొలి ముస్లిం మహిళా ఫలానా. ఎన్ని రాశానో హిసాబ్ లేదు. ప్రతిసారీ తల మీద స్కార్ఫ్ బాగా కనబడేట్టు ఫోటో తీయించా. ఖౌమ్‌కి ఖిద్మత్ చేస్తున్నా అనుకునేవాణ్ని. అది ఖిద్మత్ కాదని ఇవాళ ఒప్పుకుంటున్నా. ఆ 'తొలి' అనే మాట వెనకాల ఒక చాటు మాట ఉంది: ఇన్నాళ్లూ వీళ్లకి చేతకాలేదు, ఇదిగో ఒకతి బయటికొచ్చింది, వచ్చి చూడండి.

సరే, తొలి ఎవరో చూద్దాం. నేను పాలమూరులో ఉర్దూ మీడియం బడిలో చదివా. మా ఉర్దూ కితాబులో చచా ఛక్కన్ పాఠం ఉండేది. గోడకి ఒక తస్వీర్ తగిలించడానికి ఇంటిల్లిపాదినీ ముప్పుతిప్పలు పెట్టే మనిషి కథ. రాసింది ఇమ్తియాజ్ అలీ తాజ్, 'అనార్కలీ' డ్రామా రాసిందీ ఆయనే అని మాస్టర్ సాబ్ చెప్పారు. ఇమ్తిహాన్‌లో రెండు మార్కులు. ఆయన బేగం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె హిజాబ్ ఇమ్తియాజ్ అలీ. మన హైదరాబాద్‌లో పుట్టిన మనిషి. ఉర్దూలో పేరున్న అఫ్సానా నిగార్. లాహోర్‌లో విమానం నేర్చుకుని 1936లో పైలట్ లైసెన్స్ తీసుకుంది. అదే లాహోర్‌లో, అదే ఏడు సరళా ఠుక్రాల్ చీర కట్టుకుని జిప్సీ మాత్ విమానంలో ఒంటరిగా ఎగిరింది. ఆమెకి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు, ఇంట్లో నాలుగేళ్ల కూతురు.

మగవాళ్లలో చూస్తారా? హైదరాబాద్ బిడ్డ, నిజాం కాలేజీ తాలిబ్ ఇద్రీస్ హసన్ లతీఫ్ 1978లో ఈ దేశపు వాయుసేనకే చీఫ్ అయ్యారు. మొత్తం వాయుసేన! చీఫ్ అయిన ఖౌమ్‌లో, బేగమ్‌లు ఎగిరిన ఖౌమ్‌లో, దాదాపు తొంభై ఏళ్ల తర్వాత మా మున్నీ మండలంలో తొలి అట. దీనికి నేను ఫోటో పంపాలట.

మీరు అడ్డొస్తారని తెలుసు. "వాళ్లంతా పెద్ద ఖాందాన్ల వాళ్లు భాయ్, మన లెక్క వేరు" అంటారు. బరాబర్. 1929 ఫిబ్రవరి 10న ఈ దేశంలో ఇచ్చిన మొదటి లైసెన్స్ అందుకున్న జేఆర్డీ టాటా కూడా పేదింటి బిడ్డేం కాదు. ఆ కాలంలోనే ఆగా ఖాన్ ఒక ఇనామ్ పెట్టాడు. ఇంగ్లండ్‌కీ హిందుస్తాన్‌కీ మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి 500 పౌండ్లు. జేఆర్డీ కూడా బయల్దేరాడు గానీ 1930లో అది ఆస్పీ ఇంజనీర్‌కి దక్కింది. వయసు పదిహేడేళ్లు. ఆ పిల్లగాడే తర్వాత వాయుసేన చీఫ్ అయ్యాడు. ఇక్కడ మజహబ్ అడ్డం రాలేదు, ఆడా మగా అడ్డం రాలేదు. పైసా ఉన్నచోట అన్నీ దారిచ్చాయి. లొల్లి పైసా దగ్గరే అని ముందు ఒప్పుకుందాం. ఖౌమ్ వెనకబాటు, బుర్ఖా, పర్దా అని కథలు తర్వాత చెప్పుకుందాం.

ఇక మా ఇంటి సంగతి. మున్నీ మా ఆపా కూతురు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. బావగారు పోయి ఆరేళ్లు. ఆపా బట్టలు కుడుతుంది. ఒకరోజు మున్నీ నా దగ్గర కూర్చుని కాగితం తీసింది. "మామూ, రూల్స్ చూశా. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కి పదిహేడేళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి. అంతే."

నేను నమ్మలేదు. తీసి చూశా. నిజంగా అంతే. పీపీఎల్‌కి పదో తరగతి చాలు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ కావాల్సింది కమర్షియల్ లైసెన్స్‌కి. పదో తరగతి ఏ మీడియం అని రూల్స్ అడగవు. అంటే నా ఉర్దూ మీడియం మెమో కూడా చెల్లుతుంది! నలభై ఏళ్లు దాటాక తెలిసింది ఈ ముచ్చట. మా బడిలో ఎవరైనా ఈ ఒక్క ముక్క గోడ మీద రాసి ఉంటే మేమంతా ఎగిరేవాళ్లమని అనను. కానీ మెకానిక్కో, గల్ఫ్ వీసానో తప్ప మూడో ఖాబ్ చూసేవాళ్లం కదా.

మిగతా షర్తులు ఇవి. ముందు స్టూడెంట్ పైలట్ లైసెన్స్, దానికి పదహారేళ్లు చాలు. రెండో తరగతి మెడికల్ పరీక్ష. గాలి నియమాలు, దారి లెక్కలు, వాతావరణం, విమానం, ఇంజన్ మీద రాతపరీక్ష. రేడియోలో మాట్లాడటానికి వేరే లైసెన్స్. అన్నిటికంటే పెద్దది నలభై గంటల ఎగరడం. అందులో ఇరవై గంటలు పక్కన ఉస్తాద్ లేకుండా ఒంటరిగా. ఆ ఒంటరి గంటల్లో ఐదు గంటలు ఊరు దాటి ఊరు పోవాలి. ఒక ప్రయాణం 150 నాటికల్ మైళ్లకు, అంటే దాదాపు 278 కిలోమీటర్లకు తగ్గకూడదు, దారిలో వేరే రెండు విమానాశ్రయాల్లో దిగి, పూర్తిగా ఆగి, మళ్లీ లేవాలి.

ఇంత చేశాక వచ్చే లైసెన్స్‌తో పైసా సంపాదించకూడదు! పీపీఎల్ ఉన్నవాళ్లు కిరాయి తీసుకుని విమానం నడపడానికి ఖానూన్ ఒప్పుకోదు. జీతం కావాలంటే కమర్షియల్ లైసెన్స్ తీసుకోవాలి, దానికి 200 గంటలు.

ఈ ముక్క దగ్గరే నేను జారిపోయా. దాచను. "ఉత్త షౌక్ కోసం ఇంత ఖర్చా? నౌకరీ వచ్చేదైతే ఆలోచిద్దాం బేటా" అన్నా. పదిమందికి తాలీమ్ గురించి వ్యాసాలు రాసే నేను ఆ మాట అన్నా. మున్నీ ఏమీ అనలేదు, కాగితం మడిచి పెట్టుకుంది. జవాబిచ్చింది ఆపా, మిషన్ మీద నుంచి తల కూడా ఎత్తకుండా. "ముప్పై ఏళ్లు పనికొచ్చేదే చేశా కదరా. ఏమొచ్చింది? నడుం నొప్పి."

ఆ మిషన్ సంగతి కూడా చెప్పాలి. ఏదో మైనారిటీ పథకంలో వచ్చింది. ఒకప్పుడు దాని మీద ఒక లీడర్ సాబ్ స్టిక్కర్ ఉండేది, ఆపా గోరువెచ్చని నీళ్లు పెట్టి గీకి తీసేసింది. ఏ ప్రభుత్వం వచ్చినా ముస్లిం ఆడదంటే కుట్టుమిషనే గుర్తొస్తుంది. మన ఖైరాత్ కమిటీలూ అంతే, జకాత్ పైసలతో మళ్లీ కుట్టుమిషనే. కుట్టుపని తక్కువదని నేననను, ఆ సూది మీదే మా ఇల్లు నిలబడింది. కానీ గుర్బత్‌లో ఉన్నవాళ్లకి పనికొచ్చేది మాత్రమే ఇవ్వాలి, షౌక్ అనేది కడుపు నిండినోళ్ల హఖ్ అని ఎవరు రాశారు? ధనవంతుడి కొడుకు ఆదివారం సరదాకి విమానం నడిపితే హాబీ. మా మున్నీ అడిగితే ఫిజూల్ ఖర్చీ.

పైగా ఆ నలభై గంటలు ఎక్కడికీ పోవు. రేపు కమర్షియల్‌కి పోతే 200 గంటల్లో అవీ లెక్కకొస్తాయి. నేనేమో మొదటి మెట్టుని పట్టుకుని, ఇది మేడ కాదు కదా అని కొట్టిపారేశా.

సరే, ఖర్చు మాట్లాడదాం. మాకు చెప్పిన రేటు గంటకి 14,000 రూపాయలు. నలభై గంటలకి 5,60,000. మెడికల్, పరీక్ష ఫీజులు, కితాబులు విడిగా. చిన్న రఖమ్ కాదు. ఇప్పుడు ఇంకో హిసాబ్ చూడండి. పోయిన ఏడు మా బిరాదరీలో ఒక షాదీ. పిల్ల తండ్రి ఫర్నిచర్ షాపులో గుమస్తా. ఒక్క రాత్రి ఫంక్షన్ హాలుకి 1,20,000. ఏడు వందల ప్లేట్లు, ప్లేటు 450 చొప్పున 3,15,000. మొత్తం 4,35,000. అంటే ముప్పై ఒక్క గంటలు ఎగరొచ్చు. ఒక్క డబుల్ కా మీఠా ఖర్చుతో రెండు గంటలు. ఇంకా జోడే కీ రఖమ్ లెక్కే వేయలేదు, బండి లేదు, బంగారం లేదు, అవతలి వాళ్ల వలీమా లేదు. దావత్ తిని పాన్ నములుతూ బయటికొచ్చిన ఐదుగురు పెద్దలు నన్ను పట్టుకుని, "మీ ఆపా ఆ పిల్లని విమానాలకి పంపుతోందట, షాదీకి ఏం మిగులుతుంది?" అని ఫిక్ర్ పడ్డారు. వాళ్ల చేతుల్లో ఇంకా వేళ్లు కడుక్కున్న తడి ఆరలేదు.

సాదగీతో నికా చేసుకోండని జుమ్మా జుమ్మాకీ వింటాం. విని, బయటికొచ్చి హాలు బుక్ చేస్తాం. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి ఏడు వందల మందికి బిర్యానీ పెడితే ఇజ్జత్. ఆడపిల్ల తల్లి కమిటీ చిట్టీ ఎత్తి ముప్పై గంటలు ఎగరనిస్తే పాగల్‌పన్. ఒక రిష్తా కూడా వచ్చిపోయింది. పిల్లాడు సౌదీలో. వాళ్లమ్మ అన్నీ చూసి, "అన్నీ బాగున్నాయి, ఆ జహాజ్ పని ఆపేస్తే మంగ్నీ పెట్టుకుందాం" అంది. కొడుకు సంవత్సరానికి రెండుసార్లు జహాజ్ ఎక్కి వస్తాడు. ఎక్కితే పర్వాలేదు, నడిపితే తప్పు.

బయటి వాళ్లని వదిలేస్తానని అనుకోకండి. లోన్ కోసం ఒక బ్యాంకుకి పోయాం. మేనేజర్ మర్యాదస్తుడే. "దీంతో జీతం ఎంత వస్తుంది?" అని అడిగాడు. రాదు అన్నాం. ఫైల్ మూసేశాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన కుర్చీకి ఆ సవాల్ తప్ప వేరే సవాల్ తెలీదు. ఒక ఫ్లయింగ్ స్కూల్లో కౌంటర్ దగ్గరి మనిషి మున్నీని కాదని నన్నే చూస్తూ, "స్కార్ఫ్ మీద హెడ్‌సెట్ పడుతుందా సార్?" అని అడిగాడు. పడుతుంది. ఇప్పుడు మూడు నెలలుగా పడుతూనే ఉంది.

పోలీస్ వెరిఫికేషన్ ముచ్చట వేరే. విమానాశ్రయం లోపలికి పోయే ప్రతి ఒక్కరి పుట్టుపూర్వోత్తరాలు చూడటం రూల్. చూడాలి కూడా. దాని మీద నాకు షికాయత్ లేదు. కానీ ఇంటికొచ్చిన జమాదార్ సాబ్ అడ్రస్, ఆధార్ చూసుకుని పోలేదు. "విమానం ఎందుకు నేర్చుకోవాలనుకుంటున్నావ్?" అని ఒకే సవాల్ నాలుగు తీర్ల అడిగాడు. "చుట్టాలెవరైనా గల్ఫ్‌లో ఉన్నారా?" అన్నాడు. పాలమూరులో గల్ఫ్ చుట్టం లేని ముసల్మాన్ ఇల్లు ఎక్కడుంది సాబ్! ఆపా చాయ్ పెట్టింది, ఆయన తాగాడు, కాగితం రాసుకుపోయాడు. మంచిగానే రాశాడు, మంజూరీ వచ్చింది. కానీ ఆ గంటసేపు మా పిల్ల తన షౌక్‌కి సఫాయి ఇచ్చుకోవాల్సి వచ్చింది. పక్కవీధిలో ఎంబీబీఎస్‌కి పోయిన పిల్లని, "డాక్టర్ ఎందుకవుతావ్?" అని నాలుగుసార్లు ఎవరూ అడగలేదు.

ఇంతకీ మున్నీకి ఈ పురుగు పట్టించింది సయ్యదా సల్వా ఫాతిమా. పాత బస్తీలో బేకరీలో పనిచేసే తండ్రి కూతురు. పత్రికల్లో, టీవీల్లో మీరూ చూసే ఉంటారు. ఒక ఉర్దూ అఖ్బార్ ఎడిటర్ ముందుకొచ్చి శిక్షణకి దారి చూపించారు. కమర్షియల్ లైసెన్స్ వచ్చాక, పెద్ద విమానాల శిక్షణకి మళ్లీ లక్షలు కావాల్సి వస్తే సర్కారు సాయం కావాల్సి వచ్చింది. చివరికి ఎయిర్‌బస్ నడిపింది. ఆమెకి నా సలామ్. ఆమె మెహనత్‌కి ఒక్క అక్షరం తక్కువ చేయను. ఆ ఎడిటర్ సాబ్ చేసింది కూడా పెద్ద పనే.

నా సవాల్ ఆమెకి కాదు, మనకి. ఒక్కరు దాటాక దారి మిగలాలి కదా? దారి మిగలలేదు, కథ మిగిలింది. తర్వాతి పిల్ల మళ్లీ ఇంకో ఎడిటర్‌ని, ఇంకో మంత్రిని, ఇంకో షేక్ సాబ్‌ని వెతుక్కోవాలి. కథ చెప్పాలి, కన్నీళ్లు పెట్టాలి, చెక్కు పట్టుకుని నవ్వాలి. డబ్బున్న పిల్లాడు ఫారం నింపి ఫీజు కట్టి లోపలికి పోతాడు, వాడి అబ్బా ఏం చేస్తాడో లోకానికి అక్కర్లేదు. మన పిల్లకి మాత్రం గుర్బత్‌ని బజార్లో పెడితేనే ఆస్మాన్. ఆ బజార్‌కి రాతగాళ్లం మేము, జర్నలిస్టులం. హెడ్డింగ్ మాది.

నాకు కావాల్సింది సీదా మాట. మైనారిటీ సంక్షేమం పేరుతో బడ్జెట్ పెట్టే సర్కార్లు ఫ్లయింగ్ శిక్షణకి ఒక వడ్డీలేని అప్పు పెట్టాలి. అందరికీ ఒకే షర్తులు, ఒకే ఫారం, ఆఖరి తారీఖు. ఎమ్మెల్యే చిట్టీ వద్దు. స్టేజీ వద్దు. అప్పు అన్నా, ఖైరాత్ అనలేదు. మా ఖుద్దారీ మాకుంది, తీరుస్తాం. వక్ఫ్ ఆస్తుల మీద లొల్లి పెట్టుకునే పెద్దలు, షాదీఖానాలు కట్టించే పెద్దలు, ఏడాదికి ముగ్గురు పిల్లలకి పీపీఎల్ గంటలు కొనివ్వలేరా? షాదీఖానాకి పెట్టే ఒక్క ముఖద్వారం ఖర్చుతో అయిపోతుంది.

భాష సంగతి కూడా ఒక ముక్క. రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాలి, అందరికీ అర్థం కావాలి, ఖాయిదా సరైందే. మున్నీ నేర్చుకుంటోంది, నేర్చుకోలేనిదేం కాదు. కానీ వాతావరణ శాస్త్రం ఇంగ్లీషులోనే ఎందుకు మొదలవ్వాలి? ఉస్మానియా యూనివర్సిటీ సైన్సు, డాక్టరీ ఉర్దూలో నేర్పిన షహర్ ఇది. దానికోసం దారుల్ తర్జుమా పెట్టి కితాబులు రాయించారు. ఇప్పుడు తెలుగులో గానీ ఉర్దూలో గానీ పీపీఎల్‌కి పనికొచ్చే కితాబ్ కోసం తిరిగితే నా చేతికి ఒక్కటీ చిక్కలేదు. రాత్రిళ్లు నేనూ మున్నీ కూర్చుని తర్జుమా చేసుకుంటున్నాం. ఉరుముల మేఘం నిలువునా ఎలా పెరుగుతుందో, దాని దగ్గరికి చిన్న విమానం ఎందుకు పోకూడదో తెలుగులో చెప్పుకుంటే పది నిమిషాల్లో ఎక్కింది. తర్వాత ఇంగ్లీష్ పేరు పట్టుకోవడం ఎంతసేపు?

ఒక్కసారి ఫెన్సింగ్ బయట నిలబడి చూశా. సెస్నా 152. రెండే సీట్లు, పక్కపక్కన. మన మారుతి కారులో కూడా అంతకంటే జాగా ఉంటుంది. ఎక్కే ముందు మున్నీ దాని చుట్టూ నడిచింది. రెక్క కిందికి వంగి ఒక చిన్న గ్లాసు గొట్టంలోకి పెట్రోల్ తీసి, సూర్యుడికి ఎత్తి చూసింది. నీళ్లు కలిసి ఉంటే అడుక్కి చేరతాయట. టైర్లు చూసింది, రెక్కల చివర తలుపుల్లాంటివి చేత్తో ఆడించి చూసింది. ఆపా బట్ట కత్తిరించే ముందు కొలతలు రెండోసారి చూసుకునే తీరే. తర్వాత లేచింది. నేను తల ఎత్తి నిలబడ్డా. మెడ పట్టేసింది.

ఆ సాయంత్రం ఇంట్లో స్టాల్ గురించి చెప్పింది. ముక్కు మరీ పైకెత్తితే రెక్క మీద గాలి విడిపోయి విమానం జారుతుంది. "జారుతుంటే చెయ్యి దానంతటదే వెనక్కి లాగాలని చూస్తుంది మామూ. లాగితే ఇంకా పడిపోతాం. ముందుకి తొయ్యాలి. మొదటిసారి నా చెయ్యి మాట వినలేదు. సార్ తోశారు. మూడోసారి నేనే తోశా." ఆపా పక్క గదిలోంచి, "ఇంకోసారి ఈ ముచ్చట నాకు చెప్పకు" అని అరిచింది.

ఇప్పటికి పన్నెండు గంటలయ్యాయి. ఇంకా ఒంటరిగా ఎగరలేదు. ఇరవై ఎనిమిది గంటలున్నాయి, మా చేతిలో ఉన్న రఖమ్ తొమ్మిది గంటలకి వస్తుంది. మిగతా దానికి ఆపా రెండో చిట్టీ పాడుతోంది, నేను నా స్కూటర్ అమ్మేసి బస్సు పాస్ తీసుకున్నా. ఎవరినీ అడగలేదు, ఈ రాతతో కూడా అడగడం లేదు. అకౌంట్ నంబర్ పెట్టమని కామెంట్ రాయకండి.

కుర్ర రిపోర్టర్‌కి మాత్రం మళ్లీ ఫోన్ చేశా. ఫోటో లేదు అని చెప్పా. రాయాలనే ఉంటే ఒక వార్త ఉంది, రాయి అన్నా. నీ మండలంలో పదిహేడేళ్లు నిండి, పదో తరగతి పాసైన పిల్లలెంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమందికి ఈ రూల్ తెలుసో తిరిగి కనుక్కో. అందులో ఎంతమంది షాదీకి ఎంత అప్పు అయిందో కూడా రాసుకో.

"దానికి హెడ్డింగ్ ఏం పెట్టాలి భాయ్?" అన్నాడు.

"అందులో తొలి అనే మాట లేకపోతే చాలు" అన్నా.